గడ్డ సంగతి

ఆది జాకెట్టుకి ఎడమ చంక కింద కుట్టు విప్పి ఉంది. విప్పినచోట మళ్ళీ చేత్తో వేసిన కుట్టు, అదీ తెల్ల జాకెట్టుకి నీలం దారం, వంకరటింకర. జ్యోతి దాన్ని కౌంటరు మీద పరిచి రెండు చంకలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. కుడివైపు తను వేసిన మిషను కుట్టు చెక్కుచెదరకుండా ఉంది. ఎడమవైపు మాత్రం అరంగుళం పైనే వదులు చేశారు.

ఒళ్ళు చేస్తే రెండు పక్కలా చేస్తుంది. ఒక్క పక్కే ఒళ్ళు చేసిన ఆడమనిషిని పద్దెనిమిదేళ్ళుగా కుడుతున్న జ్యోతి ఇంతవరకూ చూడలేదు.

“గీ కుట్టు ఎవరిప్పిన్రు మేడమ్?”

“నేనేలే. కాస్త పట్టేస్తుంటేనూ...” అంది సూర్యప్రభ, చేతిసంచీలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచుకుని.

సూర్యప్రభ పన్నెండేళ్ళుగా ఈ షాపుకి వచ్చే మనిషి. గుంటూరు వైపు వాళ్ళు, రెండు వీధుల అవతల సొంతిల్లు. మెడ పట్టీ నూలుపోగంత పక్కకి పోయినా జాకెట్టు వెనక్కి పంపించే ఆవిడ. అలాంటి మనిషి తెల్లబట్టకి నీలం దారం వేసుకుందంటే ఎవరూ చూడకుండా, చేతికి దొరికిన దారంతో, గబగబా కుట్టుకుందన్నమాట.

“ఆది పనికిరాదు మేడమ్. మల్ల కొలత తీస్త.”

ఆ మాట వినగానే మూల స్టూలు మీద కూర్చుని హుక్కులు కుడుతున్న స్తెఫను లేచి బయటికి నడిచాడు. జ్యోతి పెనిమిటి, ఆర్టీసీలో కండక్టరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది, బస్సులన్నీ డిపోల్లోనే ఉన్నాయి. బతుకమ్మ పండగ రోజులు, షాపులో జాకెట్లు కుప్పలుగా పడి ఉన్నాయి. పొద్దుటిపూట పెళ్ళానికి హుక్కులు కుట్టిపెట్టి, పదకొండు కాగానే ఎల్బీ నగర్ చౌరస్తాలో దీక్షా శిబిరానికి పోయి కూర్చుంటాడు. ఆడవాళ్ళు కొలతలకొస్తే చెప్పకుండానే లేచి పోవడం అతనికి అలవాటు.

జ్యోతి తెర లాగింది. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండని మూల అది. షాపు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక సందులో ఉంది, తెర వేసినా బత్తాయిల వాసన లోపలికి వస్తూనే ఉంటుంది. “జర చేతులు లేపుండ్రి” అని టేపు వీపు చుట్టూ తిప్పి ముందుకు తెచ్చింది. ఎడమ చంక కిందికి వచ్చేసరికి ఆమె వేళ్ళు ఆగాయి. కుంకుడుగింజంత గట్టిగా ఏదో తగిలింది. దానికి కాస్త కింద, రొమ్ము పక్కన, ఇంకా పెద్దది. వేలు పెడితే అటూ ఇటూ కదలడం లేదు.

“అక్కడ నొక్కకు” అంది సూర్యప్రభ.

“నొస్తున్నదా?”

“నొప్పేం లేదు. అదే కదా, నొప్పే ఉంటే ఎప్పుడో చూపించుకునేదాన్ని.”

“ఎన్ని దినాలాయె మేడమ్?”

“ఉగాదికి ముందు నుంచీ. అది అనుకుంటున్నావేమో, అది కాదులే. బ్లాకేజ్ అంటారు దాన్ని” అని సూర్యప్రభ గబగబా చీర సర్దుకుని, సంచీలోంచి రంగుల కాగితం ఒకటి తీసింది.

కాగితం మీద పద్మాసనం వేసుకున్న మనిషి బొమ్మ. నడుము కింద నుంచి నడినెత్తి దాకా ఏడు రంగుల చక్రాలు. కొత్తపేటలో ఒక మేడమీద మాతాజీ అని ఒకావిడ ఉందట, ఆవిడ ఇచ్చిందట. సూర్యప్రభ ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పుకుపోయింది. మూలాధారం, స్వాధిష్ఠానం, మణిపూరకం, అనాహతం, విశుద్ధం, ఆజ్ఞ, సహస్రారం. నరాల్లో నెత్తురు తిరిగినట్టే వీటిలో శక్తి తిరుగుతుంది. ఎక్కడైనా ఆగిపోతే అక్కడ పోగుపడుతుంది. “నాకు అనాహతంలో ఆగింది. మాతాజీ గొలుసు కట్టిన స్ఫటికం పట్టుకుంటే మిగతా ఆరు చోట్లా కుడివైపుకి తిరిగింది, ఇక్కడ మాత్రం తిరగలేదు, నిలబడిపోయింది. నా కళ్ళతో నేను చూశాను.”

జ్యోతి ఆ బొమ్మను చాలాసేపు చూసింది. సీటు, నడుము, ఛాతీ, మెడ. “మా టేపు తిరిగే జాగలే గివన్ని” అంది.

సూర్యప్రభకి ఆ మాట నచ్చి నవ్వింది. ఆ నవ్వు చూస్తే జ్యోతికి ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. రెండు ఆకుపచ్చ జాకెట్లు కావాలట, ఒంటిని ఎక్కడా పట్టకూడదట. నాలుగో చక్రం రంగు ఆకుపచ్చ. సోమవారం ప్రయాణం, ఇరవై ఒక్క రోజులు.

“యాడికి మేడమ్?”

“అదే ఇంకా తేల్చుకోలేదు. రేపు వస్తాను, రెండు కాగితాలూ తెస్తాను. నువ్వూ చూసి చెబుదువుగాని.”

మర్నాడు పొద్దున్నే కరెంటు పోయింది. సింగరేణిలో గనులు కూడా సమ్మెలోనే ఉన్నాయి, బొగ్గు లేదు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. జ్యోతి మోటారు బెల్టు ఊడదీసి కాలితో తొక్కుతోంది. సందు చివర మైకులో ఎవరో గొంతు చించుకుంటున్నారు. “ఈ గడ్డ ఎవలది?” అని అడగడం, “మనది!” అని జనం అరవడం. వినీ వినీ సందులో వాళ్ళకి అది మార్కెట్ చప్పుళ్ళలో ఒకటైపోయింది. సూర్యప్రభ మాత్రం లోపలికి అడుగు పెడుతూ ఆ వైపు ఒకసారి చూసి, కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

“మా ఆయన నన్ను ఒంటరిగా బయటికి పోవద్దంటున్నారే. మా వీధి మొగలో గోడ మీద ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలని ఎవరో రాశారుగా, అప్పట్నుంచీ ఆయనకి నిద్ర లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉంటున్న ఇల్లు, ఇప్పుడు రాత్రి గేటుకి రెండు తాళాలు వేస్తున్నారు.”

“మిమ్మల్నెవలేమంటరు మేడమ్? మేం లేమా ఈడ?”

“నువ్వున్నావనేగా వచ్చాను” అంటూ ఆవిడ రెండు కరపత్రాలు మిషను బల్ల మీద పెట్టింది.

ఒకటి ఇబ్రహీంపట్నం దగ్గర మామిడి తోటలో. రెండోది భీమిలిలో, సముద్రం ఒడ్డున. రెండింటి మీదా అవే ఏడు చక్రాలు, రెండింటిలోనూ ధ్యానం, ప్రాణాయామం, సాత్వికాహారం. జ్యోతి పదో తరగతి దాకా చదువుకుంది, అక్షరం పొల్లుపోకుండా చదివింది. ఇబ్రహీంపట్నం కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఒంట్లో ఏ అనారోగ్యం ఉన్నా ముందు డాక్టరుకి చూపించుకుని, చీటీ తీసుకుని రావాలి, ధ్యానం వైద్యానికి బదులు కాదు. భీమిలి కాగితం మీద అదే చోట పెద్ద అక్షరాలు. పరీక్షలు, సూదులు, మందులు శక్తి ప్రవాహానికి అడ్డు. వచ్చే ముందు ఆరు వారాలూ, శిబిరంలో ఇరవై ఒక్క రోజులూ వాటి జోలికి పోరాదు.

“గీ ఇబ్రహీంపట్నందే మంచిగున్నది మేడమ్” అంది జ్యోతి. “దగ్గర సుత దగ్గర. డాక్టరు చీటీ తెమ్మన్నరు సూడుండ్రి, వాళ్ళు బాధ్యత గల్లోళ్ళు.”

“అందుకే వద్దంటున్నాను.”

నోరు జారినట్టు సూర్యప్రభ చటుక్కున ఆగింది. తర్వాత, “ఆయన కూడా భీమిలికే పొమ్మంటున్నారు. ఈ గొడవల్లో ఇక్కడ ఎందుకు, అటైతే మనవాళ్ళు ఉంటారని” అని మాట దాటేసింది.

జ్యోతి తొక్కడం ఆపేసింది. పన్నెండేళ్ళుగా ఆవిడ చీర కొనేటప్పుడు ఎలా ఎంచుకుంటుందో తనకి తెలుసు. కొంగు చూస్తుంది, అంచు చూస్తుంది, వెలుతురులోకి తీసుకెళ్ళి చిరుగుందేమోనని గజం గజం చూస్తుంది. ఇప్పుడు ఆ మనిషే ఏది ఎంచుకుంటే ఎవరూ వెలుతురు వేసి చూడరో దాన్ని ఎంచుకుంటోంది.

సూర్యప్రభ సంచీలోంచి ఒక నోటుపుస్తకం కూడా తీసింది. దాని నిండా పేర్లు. మాతాజీ రాయమందట. అనాహతం మూసుకుపోయిందంటే ఎవరినో క్షమించలేదన్నమాట. క్షమించని కోపం గుండె దగ్గర గట్టిపడి అలా తగులుతుందట. రోజుకి ఒక పేరు రాసుకుని, ఆ మనిషిని తలుచుకుని, నిన్ను క్షమించాను అని నూట ఎనిమిది సార్లు అనుకోవాలి.

“మా అత్తగారు, ఇద్దరు ఆడపడుచులు, మా స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్. మా ఆయన పేరు నాలుగు సార్లు రాయాల్సొచ్చింది” అని నవ్వింది. “నీ పేరు కూడా ఉంది.”

“నా పేరా? నేనేం జేసిన?”

“ఆరేళ్ళ కిందట మా చెల్లెలి కూతురి పెళ్ళికి, నా పట్టు జాకెట్టు మెడ కిందికి దించేశావుగా! ఎంత తిట్టుకున్నానో.”

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక సూర్యప్రభ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. “అందర్నీ క్షమించేశాను జ్యోతీ. అరవై రెండు పేర్లు. అయినా అది తగ్గలేదు, పెరుగుతోంది. ఇంకా ఎవరో మిగిలిపోయారంటుంది మాతాజీ. ఎంత ఆలోచించినా ఎవరో గుర్తు రావట్లేదే. నా మనసు ఇంత చెడ్డదా అనిపిస్తుంది ఒక్కోసారి.”

జ్యోతికి ఒళ్ళు మండిపోయింది. ఒంట్లో రోగం రావడం ఒక కష్టం. ఆ రోగం నీ మనసు చెడ్డది కాబట్టే వచ్చిందని చెప్పి, ఆ మనిషి చేతికి ఒక పుస్తకం ఇచ్చి, నీ తప్పు నువ్వే వెతుక్కో అని పంపడం ఇంకెంత పాపం! ఆ మాతాజీ ఎదురుగా ఉంటే ఏమనేదో ఏమో. కానీ ఎదురుగా ఉన్నది సూర్యప్రభ.

“మేడమ్, ఒక మాట చెప్త, కోపం చెయ్యకుండ్రి. మా అత్త ఎలీశమ్మకు గిట్లనే అయింది. గా జాగల్నే. మేం దవాఖానకు తీస్కపోలె. సంఘం పెద్దలొచ్చి నూనె రాసి ప్రార్థన జేసిన్రు. తగ్గకపాయె. నీ విశ్వాసం సాలలేదన్నరు. పాపం, ముసల్ది దినాం ఏడ్సేది, నేనేం పాపం జేసిన ప్రభువా అని. ఆ నూనె సీసా పట్టుకొని పక్కకు నిలబడ్డది నేనే మేడమ్. దవాఖానకు పొయ్యేసరికి, ఆర్నెల్ల ముందు తెస్తే మంచిగైతుండె అన్నడు డాక్టరు.”

సూర్యప్రభ ముఖం గోడలా అయిపోయింది.

“మీ అత్తకి వచ్చిందని నాకూ అదేనంటావా? శుభమా అని ప్రయాణం పెట్టుకుంటే ఏం మాటలవి?”

“అదే అంటలేను మేడమ్. ఒక్క పరీక్ష...”

“నేను నీ దగ్గరికి జాకెట్టు కుట్టించుకోడానికి వచ్చాను.” లేచి నిలబడింది. గుమ్మం దాకా పోయి, వెనక్కి వచ్చి, జ్యోతి చెయ్యి పట్టుకుంది. “మా ఆయనకి తెలియదు. ఎవరికీ తెలియదు. నువ్వు ఎవరికీ చెప్పనని మాటివ్వు.”

జ్యోతి బల్ల మీది కరపత్రాల వైపు చూసింది.

“జ్యోతీ!”

“సరే మేడమ్. నా నోట్లకెళ్ళి రాదు.”

ఆదివారం మధ్యాహ్నం జాకెట్ల కోసం విశ్వేశ్వరరావు వచ్చాడు. సూర్యప్రభ భర్త. ఆడిట్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, కూరగాయల సంచీ కూడా చీటీతో సరిచూసుకోనిదే వంటింట్లోకి పోనివ్వడు. స్కూటరు స్టాండు వెయ్యకుండా, ఒక కాలు నేలమీద ఆనించి, “అయ్యాయా అమ్మా?” అని బయటి నుంచే అడిగాడు. ఇదివరకు లోపలికొచ్చి కూర్చునేవాడు, స్తెఫనుతో బస్సుల కబుర్లు చెప్పేవాడు. ఇప్పుడు, అన్నానికి వచ్చిన స్తెఫను భుజాన ఉద్యమపు గులాబీ కండువా చూసి చూడనట్టు చూపు తిప్పుకున్నాడు.

జ్యోతి జాకెట్లు తీసి ఇస్త్రీ మడతలు సరిచేసింది. మేడమ్ వస్తుందనుకుంది. వస్తే ఇంకొక్కసారి కాళ్ళావేళ్ళా పడైనా చెబుదామనుకుంది. ఆవిడ రాలేదు, రేపు సాయంత్రం నాలుక్కి ఎల్బీ నగర్ రింగురోడ్డు దగ్గర ప్రైవేటు బస్సు ఎక్కేస్తుంది. ఆరు నెలలు ఇప్పటికే అయ్యాయి. ఇంకో ఇరవై ఒక్క రోజులు. తర్వాత ఇంకేదో శిబిరం. సారుకి ఇప్పుడే చెప్పెయ్యనా అని గొంతు దాకా వచ్చింది. నా నోట్లోంచి రాదని చెప్పి మూడు రోజులు కాలేదు.

నోట్లోంచి రాకూడదు, అంతే కదా. కౌంటరు మీది కొలతల చీటీల కట్టలోంచి ఒకటి చింపింది. వెనక్కి తిప్పి, వంగి, గబగబా రాసింది. ఆ మాట చదివితే మేడమ్‌కి అర్థం కావాలి, ఇంకెవరు చూసినా అర్థం కాకూడదు. అందుకని రొమ్ము అని గానీ, జబ్బు అని గానీ రాయలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టి, జాకెట్టు ఎడమ చంకలోకి దోపి, పైన రెండో జాకెట్టు పెట్టి కవర్లో వేసి ఇచ్చింది.

అంత తెలివిగా రాశానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా, పిచ్చిది.

సోమవారం ఒంటిగంట దాటింది. స్తెఫను శిబిరం నుంచి అన్నానికి వచ్చి, టిఫిను డబ్బా మూత తీస్తున్నాడు. షట్టరు ముందు స్కూటరు ఆగింది. విశ్వేశ్వరరావు వెనకాల ఆ షట్టరు ఓనరు శ్రీరామమూర్తి కూడా దిగాడు. కాలనీ సంఘానికి సెక్రటరీ ఆయన, కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు, నోరు పెద్దదే కానీ పన్నెండేళ్ళలో ఒక్కసారీ జ్యోతిని కిరాయికి సతాయించలేదు. ఇద్దరూ లోపలికొచ్చి నిలబడ్డారు.

విశ్వేశ్వరరావు జేబులోంచి చీటీ తీసి కౌంటరు మీద పెట్టాడు.

“ఇది నీ రాతేనా?”

“నాదే సార్. మేడమ్‌కు రాసిన.”

“చూశారా, దాచను కూడా దాచట్లేదు!” అని శ్రీరామమూర్తి ఒంటికాలి మీద లేచాడు. “చదవండి సార్, వాళ్ళాయన కూడా వింటాడు.”

విశ్వేశ్వరరావు ప్రతి మాటా విడదీసి చదివాడు. “మేడమ్, గడ్డ సంగతి ముందుగాల తేల్చుకోండి. ఇంక ఆలస్యం చేస్తే ఖతమే. మీ సారుకు సుత చెప్పండి.”

సందు చివర మైకు మోగుతూనే ఉంది. ఈ గడ్డ ఎవలది? మనది! జ్యోతి ఆ మైకు వింది, సారు చేతిలో చీటీ చూసింది, ఆయన ముఖం చూసింది. అప్పటికి గానీ ఆమెకి తలకెక్కలేదు.

“ఏం తేల్చుకోవాలమ్మా మేము?” విశ్వేశ్వరరావు గొంతు పెద్దగా లేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. “ఈ గడ్డ మీద ఇరవై ఎనిమిదేళ్ళు ఉన్నాం. మా ఆవిడ నిన్ను సొంత మనిషిలా చూసుకుంది. మమ్మల్ని ఖతం చేస్తారా? ఏం అపకారం చేశామని?”

“అయ్యో సార్, గా గడ్డ కాదు...” అని జ్యోతి ఆగిపోయింది.

“మరి ఏ గడ్డ?” అన్నాడు శ్రీరామమూర్తి.

స్తెఫను అన్నం డబ్బా పక్కన పెట్టి లేచాడు. “ఏందిది జ్యోతి? ఎందుకు రాసినవ్?” అన్నాడు. అతని మెడలో కండువా చూసి శ్రీరామమూర్తి ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఒక్క మాట చెబితే అయిపోతుంది. సార్, మీ ఇంటామెకు రొమ్ముల గడ్డున్నది, అంతే. తన పరువు దక్కుతుంది, షాపు దక్కుతుంది, మేడమ్ ప్రాణం కూడా దక్కుతుందేమో. మూడూ తెలుసు జ్యోతికి. కానీ ముగ్గురు మగాళ్ళు, నడిబజారు, ఓనరుతో సహా నిలబడి ఉంటే, ఒక ఆడమనిషి రవిక లోపలి సంగతి అరుచుకోవడం ఎలా? టేపు పట్టుకున్న చేతికి తెలిసింది తెర దాటి బయటికి రాకూడదని ఈ పనిలో మొదటి రోజు నేర్చుకున్నది. పైగా మాటిచ్చింది.

“మేడమ్ సూసిన్రా గీ చీటీ?”

“ఆవిడకెందుకు చూపిస్తాను? భయపడి చస్తుంది. కవరు విప్పి సరిచూస్తుంటే నా చేతికే దొరికింది. ఆవిణ్ణి బస్సెక్కించి, తర్వాత పోలీస్ స్టేషనుకి పోదామనుకున్నాను.”

అంటే మేడమ్ చదవనే లేదు. గోడ గడియారం వైపు చూసింది జ్యోతి. ఒంటిగంట నలభై. మెడలో టేపు మెడలోనే ఉంది. చెప్పులు వేసుకుని షాపులోంచి బయటికి నడిచింది.

“ఎక్కడికి? ఏయ్, ఎక్కడికి?” అంటున్నాడు శ్రీరామమూర్తి.

“మేడమ్ తానికి. ఆమె ముందట్నే అడుగుండ్రి.”

రెండు వీధులూ ఆమె ముందు, వాళ్ళు వెనక. స్తెఫను అందరికంటే వెనక. విశ్వేశ్వరరావు ఇంటి గేటుకి పగలే తాళం వేసి ఉంది. ఆయన తాళం తీసి, “ఆవిడ ముందు గట్టిగా మాట్లాడొద్దు” అని గొణిగాడు. స్తెఫను గేటు బయటే ఆగిపోయాడు, కండువా తీసి మడిచి చేత్తో పట్టుకున్నాడు.

హాల్లో సోఫా మీద సూట్‌కేసు తెరిచి ఉంది. సూర్యప్రభ ఒక ఆకుపచ్చ జాకెట్టు వేసుకునే ఉంది, రెండోది మడత పెడుతోంది. జ్యోతిని చూడగానే ఆవిడ ముఖంలో రంగు పోయింది. చెప్పేసిందా అన్నట్టు ముందు జ్యోతి కళ్ళలోకి, తర్వాత భర్త ముఖంలోకి చూసింది.

“ఏమిటండీ, అందరూ ఇలా...”

“ఏం లేదు ప్రభా, కంగారు పడకు. ఈ అమ్మాయి నిన్ను బెదిరిస్తూ చీటీ రాసింది. నాకు దొరికింది. అడిగితే నీ ముందే చెబుతానంటుంది” అని విశ్వేశ్వరరావు చీటీ అందించాడు.

సూర్యప్రభ చదివింది. మూడు ముక్కలే. అయినా చాలాసేపు చదివింది. ఆవిడ ఎడమ చెయ్యి ఒంటికి దగ్గరగా బిగుసుకుంది.

“నీకేమైనా తెలుసా దీని గురించి?” అన్నాడు భర్త.

జ్యోతి ఆవిడనే చూస్తోంది. సూర్యప్రభ తల ఎత్తలేదు. “నాకేం తెలుసు?” అంది, వినపడీ వినపడనట్టు.

“అదీ సంగతి! ఇంకేం కావాలి?” అన్నాడు శ్రీరామమూర్తి. “రేపటికల్లా షట్టరు ఖాళీ చెయ్యమ్మా. మిగతాది పోలీసులు చూసుకుంటారు.”

జ్యోతికి ఏడుపు వచ్చింది. కోపం కూడా వచ్చింది, అదెవరి మీదో తెలియలేదు. మాట తప్పనని ఒకటి, ఈ మనిషి పోతుందని ఒకటి, రెండూ ఒక్కసారే లాగుతున్నాయి. పద్దెనిమిదేళ్ళుగా తొక్కిన మిషను ఎక్కడ పెట్టుకోవాలో కూడా తోచలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“సరే సార్. ఖాళీ చేస్త” అంది. “పోలీసులు వద్దు సార్, ఆయనకు నౌకరీ పోతది. తప్పు నాదే, రాయొద్దుండె.” అని సూర్యప్రభ వైపు తిరిగి, మామూలుగా షాపులో చెప్పినట్టే, “జాకెట్టు చంకల పడుతున్నదా మేడమ్? పట్టొద్దని జర ఎక్కువే వదులు వెట్టిన” అంది. అని గుమ్మం వైపు తిరిగింది.

“ఆగు” అంది సూర్యప్రభ.

ఆవిడ సోఫా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా సూట్‌కేసు పక్కనే కూర్చుంది. ఏడు చక్రాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పే మనిషికి రెండక్షరాల మాట నోట్లోంచి రావడానికి అంతసేపు పట్టింది.

“మీరనుకునే గడ్డ కాదండీ అది. నా ఒంట్లోది.”

విశ్వేశ్వరరావుకి అర్థం కాలేదు. “ఏమిటి?”

“నాకు గడ్డ ఉంది. ఇక్కడ.” ఆవిడ చెయ్యి ఎడమ రొమ్ము పక్కకి పోయి అక్కడే ఉండిపోయింది. “ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. జ్యోతి పాపం మాట నిలబెట్టుకుంది. నేనే దాన్ని దొంగని చేశాను.”

శ్రీరామమూర్తి చప్పుడు చెయ్యకుండా వరండాలోకి పోయాడు. చెప్పులు వేసుకుని, గేటు దగ్గర స్తెఫను పక్కన నిలబడ్డాడు. అతని భుజం మీద చెయ్యి వేశాడు.

విశ్వేశ్వరరావు చీటీ మళ్ళీ తీసుకుని చదివాడు. అవే మూడు వాక్యాలు. మీ సారుకు సుత చెప్పండి అన్న దగ్గర ఆయన కళ్ళు ఆగాయి. కళ్ళజోడు తీసేసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ కాపురం. కూరగాయలు సరిచూసిన మనిషి, ఇంటికి రెండు తాళాలు వేసిన మనిషి.

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఉగాదికి ముందు నుంచీ.”

“నాకెందుకు చెప్పలేదు ప్రభా?”

“చెబితే ఉన్నట్టవుతుంది కదండీ” అంది సూర్యప్రభ. ఆ మాటతో ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. జ్యోతి వెళ్ళి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. ఆలస్యం కాలేదని చెప్పడానికి తనేమీ డాక్టరు కాదు.

విశ్వేశ్వరరావు జ్యోతి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “అమ్మా, నీకు తెలిసే ఉంటుంది. ఏ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి? నాకేమీ తోచట్లేదు” అన్నాడు.

“లక్డీకాపూల్ దిక్కు పెద్ద దవాఖానున్నది సార్. గివ్వాళ చీటీ రాపిచ్చుకుంటే రేపు పొద్దుగాల సూస్తరు. బస్సుల్లేవు గని, మా ఆయన ఆటో మాట్లాడ్తడు. నేనొస్త.”

సూట్‌కేసు మీద ఫోను మోగింది. విశ్వేశ్వరరావు తీసుకోబోయాడు. సూర్యప్రభ కళ్ళు తుడుచుకుని, చెయ్యి చాపి తనే తీసుకుంది.

బస్సు ఏజెంటు. పక్కన కూర్చున్న జ్యోతికి కూడా వినపడేంత గట్టిగా మాట్లాడుతున్నాడు. ఎల్బీ నగర్‌లో రాస్తారోకో ఉందట, అందుకని బస్సు మూడింటికే తీసేస్తున్నారట, త్వరగా వచ్చెయ్యమంటున్నాడు.

“రావడం లేదు బాబూ” అంది సూర్యప్రభ.

ఎందుకని అడిగాడు అతను.

“రొమ్ములో గడ్డ ఉంది నాకు” అంది ఆవిడ, ముఖమెరగని ఆ మనిషితో, గొంతు తగ్గించకుండా. “ఆస్పత్రికి వెళ్ళాలి.”